నాలుగు వేళ్ల దూరం

మొన్న పొద్దున కల్లంలో మిరపకాయలు తిరగేస్తుంటే ఫోను మోగింది. "బాబాయ్, నాన్న పోయాడు" అన్నాడు నా చిన్ననాటి నేస్తం కొడుకు. కాయల మధ్యే కూలబడ్డాను. అయినా వాడి గురించి రాద్దామని కూర్చుంటే ఏడుపుకంటే ముందు కేక వస్తోంది. ఏం చేయను, వాడితో అరవై ఏళ్లూ అలాగే గడిచాయి.

మాకు ఏడేళ్లప్పుడు మా అమ్మ రుబ్బురోలు పొత్రానికి తాడు కట్టి, ఇద్దరం గిత్తలమై వీధంతా లాగాం. లాగుతూనే "మొదటి జత దూసుకొస్తోందహో!" అని మైకులో అరిచేవాడి పాత్ర కూడా వాడిదే. పొత్రం పగిలింది. అమ్మ ఇద్దరి వీపులూ ఒకేలా వాయించింది. "అయితే ఏంరా, లాగామా లేదా?" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

పెద్దయ్యాక నేను నిజం గిత్తల్ని మేపాను. వాడు తిరునాళ్లలో జరిగే బండలాగుడు పోటీలకు గీత దగ్గర జెండా పట్టుకునేవాడు. బండ పూర్తిగా గీత దాటాకే గిత్తల్ని వెనక్కి తిప్పాలి. ముందే తిప్పితే ఆ రౌండు చెల్లదు. జెండా పట్టినవాడు కదలకుండా నిలబడాలి కదా, వీడు గంతులేసేవాడు. "ఊరికే చూసేదానికి గుంజలున్నాయిగా, మనమెందుకురా?" అనేవాడు.

ఒక ఏడు నా పత్తంతా పురుగు పాలైంది. గిత్తల ఉలవలు మాత్రం తగ్గించలేదు. ఆ ఏడే మా జత పూనకం వచ్చినట్టు లాగింది. దుమ్ము, ఈలలు, అన్నిటికీ పైన వాడి గొంతు: "తోలరా, తోలు!" చివరి రౌండులో గిత్తల్ని తిప్పాను. అదే నోటితో "ఆగండి!" అని వాడే ఎర్రజెండా ఎత్తాడు. బండ నాలుగు వేళ్లు ఇవతలే ఉంది. మొదటి బహుమతి చేజారింది.

"కళ్లు పోయినయ్యా నీకు? అమ్ముడుపోయావురా!" అని అందరిలో అరిచాను.

"స్నేహం స్నేహమే, గీత గీతేరా" అన్నాడు.

బండ దాటలేదని నేనూ చూశాను. చూసే అరిచాను. రెండేళ్లు వాడితో మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు "ఏరా, నీ ఎర్రగిత్త కుంటుతోందంటగా" అంటూ వాడే వచ్చి, తిన్నగా కొట్టంలోకి పోయి దాని కాలు పట్టుకు కూర్చున్నాడు. అంతే, మళ్లీ కలిసిపోయాం. చెప్పాల్సిన ఆ ఒక్కమాట మాత్రం పాతికేళ్లు నా గొంతులోనే ఉండిపోయింది.

కిందటి నెల వాడు బ్రాడీపేటలో ఆసుపత్రిలో ఉన్నాడని తెలిసి గుంటూరు బస్సెక్కాను. ఇప్పుడు కూడా చెప్పకపోతే ఇంకెప్పుడు? మనిషి సగమయ్యాడు. కూర్చోగానే చెప్పేశాను. "ఒరేయ్, ఆ రోజు బండ దాటలేదురా. నేను చూశాను. నిన్ను అందరిలో దొంగను చేశాను."

"తెలుసులేరా" అని నవ్వాడు. "అరుస్తా అరుస్తా నా మొహం చూడలేకపోయావుగా. అది సరే, నిన్న పోటీలకి పోయినోడివి వీడియో తెచ్చావా లేదా?"

ఎంత తేలిగ్గా వదిలేశాడండీ! నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఫోను తీసి వాడి ముందు పెట్టాను. గిత్తలు కదిలాయో లేదో, సూది గుచ్చిన చేత్తోనే మంచం పట్టె చరుస్తూ లేచి కూర్చున్నాడు. "తోలరా! తోలు!" వార్డంతా ఇటు తిరిగింది. నర్సు పరిగెత్తుకొచ్చింది.

"తాతగారూ, పడుకోండి!"

"ఒక్క నిమిషం తల్లీ, ఇంకో రౌండుంది."

"పెద్దాయనా, మీరైనా చెప్పండి" అని ఆ అమ్మాయి నావైపు తిరిగింది. అప్పటికే నేనూ లేచి నిలబడి అరుస్తున్నాను.