ఏటవాలుగా వచ్చిన ఘటం

కుక్కర్ మూడో విజిల్ వెయ్యకముందే మా మేనత్త ఫోను. "ఒలే, వత్తన్నావా నేదా? ఘటం పట్టడానికి ఆడపడుచు కావాల. నువ్వు రాకపోతే ఆ పూజ సేసే ముసలోడు ఇంకో వంక ఎడతాడు!" పొయ్యి కట్టేసి, పర్సుడీహ్ చౌరస్తాలో కదులుతున్న ఆటోని పట్టుకుని ఎక్కేశాను. వెనకనుంచి మా ఆయన "నాస్తా?" అని అరిచాడు. కుక్కర్లో ఉన్నది ఉడికితే అదే నాస్తా అన్నాను. అంత సంబరంగా ఉంది నాకు, ఆకలి కూడా గుర్తు లేదు.

బాగ్‌బేరా దాటి, రైల్వే క్వార్టర్లు అయిపోయాక, ఖర్కాయి ఏటి ఒడ్డున పాతిక గడప మా ఊరు. మా తాతలు శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి ఈ హిందీవాళ్ల దేశానికి రైలు పట్టాల పనికి వచ్చినవాళ్లు. క్వార్టర్లలో ఊపిరాడక, కళ్లకి నీళ్లు కనపడాలని ఇక్కడికొచ్చి పాకలు వేసుకున్నారట. ఇప్పుడు పాకలు పోయి రేకులూ స్లాబులూ వచ్చాయి. వలలు వేలాడాల్సిన మేకులకి ఉక్కు ప్లాంటు గేటు పాసులు వేలాడుతున్నాయి. పిల్లల్ని తెలుగులో తిడితే హిందీలో జవాబు చెబుతారు. రేవు మాత్రం ఇంకా మాదే. అవతలి ఒడ్డు నుంచి కూరగాయల ఆడవాళ్లూ, సైకిళ్లవాళ్లూ, కాలేజీ పిల్లలూ వంతెన దాకా చుట్టు తిరక్కుండా మా పడవలోనే దాటతారు. ఆ పడవ మా మావది, అంటే మేనత్త మొగుడిది.

వానలు మొదలయ్యాక గంగమ్మ పండగ రోజున పడవ అవతలి ఒడ్డుకి వెళ్లి, అక్కడి నీళ్లతో ఘటం నింపుకుని రావాలి. ఆ నీళ్లు ఇటు అమ్మవారి రాయి మీద పొయ్యాలి. కడవ మెడకి కట్టిన పసుపు దారం కంటే నీళ్లు కిందికి దిగకూడదు. నిండుగా ఎవరు తెస్తే ఏడాదంతా రేవు వాళ్లది. పద్దెనిమిదేళ్లు వరసగా మావే తెచ్చాడు. ఈ ఏడు ఆయన కుడి భుజం చొక్కా తొడుక్కోడానికి కూడా లేవట్లేదు. మగపిల్లలంతా కాంట్రాక్టు పనుల్లో ఉన్నారు, తెడ్డు పట్టడం ఒక్కడికీ రాదు. అవతల ఒక మోటారు పడవవాడు, రేవు నాకిచ్చెయ్యండి అని కాచుకుని కూర్చున్నాడు.

"నానేత్తాను తెడ్డు" అంది అత్త.

గంగమ్మ పూజ చేసే పెద్దాయన రిటైరైన రైల్వే గ్యాంగుమన్ను. డ్యూటీ విజిల్ ఇప్పటికీ మెళ్లోనే ఉంటుంది, నిద్దట్లో కూడా తియ్యడని ఊళ్లో నవ్వుకుంటాం. "ఆడది ఏసినట్టు నానెప్పుడూ సూళ్లేదు" అన్నాడాయన.

"సూళ్లేదంటే కూడదనా తాతా?"

ఆయన విజిల్ నలుపుకుంటూ, సరే కానీమన్నాడు. అలా కుదిరింది మా ప్రయాణం.

పైన ఎక్కడో గట్టిగా వాన పడినట్టుంది, నీళ్లు ఎర్రగా, వడిగా ఉన్నాయి. గుర్రపుడెక్క చాపలు చాపలుగా కొట్టుకొస్తోంది. ఒడ్డు మీద డప్పులు, వీడియోలు తీసే ఫోన్లు, వేపమండలు. నీటి ఒడ్డున పుట్టి ఈత రాని ఘనత ఊళ్లో నాదొక్కదానిదే. ఖాళీ కడవ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఒక చెయ్యి పడవ అంచుని వదలట్లేదు, నోరు మాత్రం చెవుల దాకా సాగి నవ్వుతోంది.

పెద్దాయన విజిల్ వేశాడు. అత్త గెడతో పడవని నెట్టి, తెడ్డు అందుకుంది. నాలుగు తెడ్లు వేసిందో లేదో ఒడ్డంతా ఒకటే గోల. "ముక్కు అలకెట్టు! అలకెట్టే!"

ఇది మా ఊరి వేదం. సముద్రంలో అల ఎదురొస్తుంది, పడవ ముక్కు దానికి ఎదురు పెట్టినవాడే బతుకుతాడు. పెద్దాయన తండ్రి చేపల వేటకెళ్లినవాడు, ఆ మాట కొడుక్కి నేర్పాడు. కొడుకు దాన్ని తెచ్చి ఏటి మీద పెట్టాడు. ఏట్లో అల ఎక్కడుంది? అయినా మావ పద్దెనిమిదేళ్లూ ముక్కు ఎగువకి తిప్పి, వచ్చే నీళ్లతో కుస్తీ పట్టి, మూరా మూరా పక్కకి జరుపుకుంటూ దాటేవాడు. మేం చప్పట్లు కొట్టేవాళ్లం. నాకైతే అరిచి అరిచి గొంతు పోయేది.

అత్త ముక్కుని ఏటవాలుగా పెట్టింది. పడవ దిగువకి జారిపోతోంది. "అత్తా, ఎక్కడికే, సముద్రంలోకా?" అన్నాను.

"బట్టలుతుకుతా పద్దెనిమిదేళ్లు ఆ గుర్రపుడెక్కనే సూసినానే. దాన్నెవులు లాగుతున్నారు? ఒంపు కాడ దానంతటదే ఒడ్డెక్కతాది."

నిజంగానే ఒంపు దగ్గర పడవ మెత్తగా ఒడ్డుకి ఆనింది. అక్కణ్ణించి గట్టు పక్కన నీళ్లు నిదానం, గెడతో పొడుచుకుంటూ మా రేవుకి ఎగువ దాకా వెళ్లిపోయాం. నాకు ఈల వెయ్యాలనిపించింది. ఘటం అంచుదాకా నింపి, వేపమండలు కప్పి, తిరుగు ప్రయాణం పట్టాం.

సగం దాటాం. పడవ మళ్లీ వాలుగా జారుతోంది. ఒడ్డు మీద వాళ్లు మేం కొట్టుకుపోతున్నాం అనుకున్నారు. "బువా, సీధా లో!" అత్తా, తిన్నగా పట్టు అని కుర్రాళ్లు, శోకండాలు పెడుతూ ముసలమ్మలు. పెద్దాయనకి కంగారెక్కువై విజిల్ నోట్లో పెట్టుకుని మూడు పొట్టి కూతలు వేశాడు.

ఆ మూడు కూతలంటే మా ఊళ్లో పుట్టినవాళ్లకి ఒంట్లో ఇంకిపోయిన సంగతి. చిన్నప్పుడు మేం యార్డులో పట్టాలు దాటుతుంటే ఆయన అలాగే ఊదేవాడు. బండొస్తోంది, దూకండి అని. వినగానే దూకెయ్యడమే, ఆలోచన ఉండదు. ఏటి నడిమధ్యలో, ఒళ్లో నిండు ఘటంతో, నేను దూకడానికి లేచాను.

పడవ ఒరిగింది. అత్త నా కొంగు పట్టి లాగి కూలేసింది. కడవ దక్కింది గానీ, నీళ్లు దారానికి బెత్తెడు కిందికి దిగిపోయాయి.

"ఏటే, బండొస్తందా?" అంది అత్త.

నాకు ఏడుపొచ్చేసింది. రేవు పోయింది, పోగొట్టింది నేను. పక్కనుంచి దోసెడు నీళ్లు తీసి కడవలో పొయ్యబోయాను. "అదే ఏరు కదత్తా. ఎవరు చూశారు?"

"నువ్వు సూసినావు కదే" అని పడవ వెనక్కి తిప్పేసింది.

ఒడ్డు మీద డప్పులు ఆగిపోయాయి. ఓడిపోయి తిరిగిపోతోందనుకున్నారు. అవతలి ఒడ్డున మోటారువాడు జాలిపడి, దీదీ, నా పడవలో దింపెయ్యనా అన్నాడు హిందీలో. అత్త అరచేతుల్లో బొబ్బలు చిట్లిపోయాయి. ఏట్లో చేతులు ముంచి, "రేపొచ్చి నా పడవెక్కు" అంది వాడితో. నేను ఘటం మళ్లీ నింపి, మోకాళ్ల మధ్య ఇరికించి, కొంగుతో నడుముకి కట్టేసుకున్నాను.

ఈసారి ఒడ్డు వైపు చూడలేదు. పసుపు దారాన్నే చూస్తూ కూర్చున్నాను. నడి ఏట్లోకి రాగానే మళ్లీ అవే మూడు కూతలు. నా పాదాలు వాటంతటవే ఎగిరిపడ్డాయి. కడవని వాటేసుకుని, గొంతు చించుకుని అరిచాను. "బండొస్తే రానీ తాతా! నేను దిగను!"

అత్త నవ్వడం మొదలెట్టింది. తెడ్డు వేస్తూ, ఆయాసపడుతూ, కళ్లవెంట నీళ్లు కారేలా నవ్వింది. నేనూ ఆపుకోలేకపోయాను. అలా నవ్వుకుంటూనే, వాలుగా జారుకుంటూ మా రేవు చేరాం. మావ నీళ్లలోకి దిగి ఎడమ చేత్తో తాడు అందుకున్నాడు. పొద్దుట్నుంచీ ఆ ఒడ్డు మీద అరవనివాడు ఆయనొక్కడే.

పెద్దాయన వంగి, వేపమండలు తీసి చూశాడు. నీళ్లు దారం పైన తళతళలాడుతున్నాయి. కడవ అందుకుని అమ్మవారి రాయి మీద పోశాడు. డప్పులు మళ్లీ అందుకున్నాయి, ఊరంతా అత్త మీద పడిపోయింది. ఆ సందడిలోనే ముసలాయన చెప్పులు చేత్తో పట్టుకుని పడవ దగ్గరికొచ్చాడు.

"ఈ ఏడు మొదటి బేరం నాదే. అవతల దింపు."

"కూకో తాతా. ఆ విజిల్ మాత్రం నాకియ్యి."

ఆయన మెళ్లోంచి తీసి ఇచ్చాడు. పడవ వాలుగా జారుకుంటూ వెళ్లింది. రెండంచులూ గట్టిగా పట్టుకున్న ముసలాయన ఏదో అనబోయి నోరు మూసుకోవడం ఒడ్డున ఉన్న నాకు కనిపించింది.

నా పక్కన మావ నిలబడి, ఎడమ చేత్తో కుడి భుజం రుద్దుకుంటూ చూస్తున్నాడు. "ఇంత సుళువా" అన్నాడు మెల్లగా. "నన్నెవులూ ఇలాగెల్లమన్లేదే." పద్దెనిమిదేళ్లు చప్పట్లు కొట్టినదాన్ని, ఏమని చెప్పను? ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయన విదిలించుకుని, నీళ్లలోకి మోకాలు లోతు దిగి, పొద్దుట్నుంచీ దాచుకున్న గొంతంతా పెట్టి అత్తకి వినపడేలా అరిచాడు.

"పోనీ! ఇంకా కిందికి పోనీ!"