క్యాసెట్ రెండో వైపు

ఏలూరు పవర్‌పేటలో క్యాసెట్లు రికార్డు చేసే దాదాపీర్‌కు ఊళ్లో ఎవరికీ అక్కర్లేని విద్య ఒకటి వచ్చు. జాజ్ ఫ్యూజన్, ప్రోగ్రెసివ్ రాక్, సోల్ అనే పై దేశాల సంగీతాల గురించి అడిగితే గంటసేపు చెప్పగలడు. అడిగినవాళ్లు మాత్రం ఇంతవరకు లేరు. విశాఖ రేవు దగ్గర పాత సామాన్ల కొట్లో ఓడవాళ్లు వదిలేసిన నలభై రికార్డులు కొనుక్కొచ్చి పదిహేనేళ్లయింది. తనతోపాటు వాటిని ఇష్టంగా వినే మనిషి ఒక్కరంటే ఒక్కరు దొరికితే చాలని అప్పటినుంచీ అతని కోరిక. భార్య బీబీ పెళ్లయిన కొత్తలో ఒకటి విని, మిక్సీ పాడైందేమోనని వంటింట్లోకి వెళ్లి చూసొచ్చింది. తప్పు ఆమెది కాదని దాదాపీరే ఒప్పుకుంటాడు.

అందుకని దొడ్డిదారి పట్టాడు. జనం రాసిచ్చిన సినిమా పాటలన్నీ ఎక్కించాక టేపు చివర నాలుగైదు నిమిషాలు మిగిలేవి. మిగతా కొట్లవాళ్లు అక్కడ ఏదో ఒక భక్తిగీతం నింపేవారు. దాదాపీర్ తన రికార్డులోంచి ఒక ముక్క నింపేవాడు. ఆ చివరిది బాగుందండీ అని ఎవరైనా వస్తారేమోనని ఎదురుచూపు. వచ్చినవాళ్లంతా టేపు నలిగిందనుకుని వచ్చినవాళ్లే.

2003లో ఒకరోజు ఆకివీడు నుంచి చేపల చెరువుల అబ్బాయిరాజు గారు వచ్చి జీపు దిగారు.

"ఆ చివర్న డ్రమ్ములు వాయించారు చూడండి, అలాంటివి తొంభై నిమిషాల క్యాసెట్ నిండా కావాలండీ."

దాదాపీర్‌కు కాళ్లు నేలమీద నిలవలేదు. ఎందుకని అడగడం మర్యాద కాదనుకున్నాడు. మూడు రోజులు కూర్చుని మొదటి వైపు ఫ్యూజన్, రాక్, రెండో వైపు ప్రాణంగా దాచుకున్న, నెమ్మదిగా సాగే సోల్ పాటలు ఎక్కించాడు. ఎక్కడ ఏ వాద్యాన్ని గమనించాలో కాగితం మీద రాసి మరీ డబ్బాలో పెట్టాడు, రాజుగారికి పరీక్షలున్నట్టు.

నెల తిరక్కుండా రాజుగారు మళ్లీ వచ్చారు. మొదటి వైపు అద్భుతమట. చెరువు గట్టున మైకులో పెడితే చేపల్ని మింగే గూడబాతులు, నీటికాకులు ఒక్కటి కూడా వాలడం లేదట. రెండో వైపే దండగట. అది మొదలైతే పిట్టలు పోకపోగా, రేకు డబ్బా వాయించి వాటిని తోలాల్సిన కాపలా మనిషి పుష్పమ్మ కూడా చేతులు కట్టుకుని కూర్చుంటోందట. ఆ వైపు తుడిచేసి డ్రమ్ములే ఎక్కించమన్నారు.

పదిహేనేళ్ల తన రసికత నీటికాకుల్ని తోలడానికి పనికొచ్చిందని దాదాపీర్‌కు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కానీ పుష్పమ్మ సంగతి విన్నాక మనసు ఆగలేదు. మైకు ఎలా పలుకుతుందో చూసి ఎక్కిస్తానని అబద్ధమాడి, రాజుగారి వెంటే జీపెక్కాడు.

పుష్పమ్మ నడివయసు మనిషి. గట్టుమీద పాకలో ఒక్కతే ఉంది. రాజుగారు మేత పడవెక్కి చెరువులోకి వెళ్లగానే దాదాపీర్ రెండో వైపు పెట్టి, పాడుతున్న గాయని గురించి, వెనక వాయించే ఆర్గన్ వాద్యం గురించి ఉపన్యాసం ఎత్తుకున్నాడు. ఆమె మర్యాదగా అంతా వింది.

"అది సరేనండీ, ఆవిడ దేనికి ఏడుస్తుందండీ?"

దాదాపీర్ ఆ పాట వందలసార్లు విన్నాడు. డ్రమ్ము ఎక్కడ ఆగుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అందులో ఒక్క మాటకూ అర్థం తెలియదు. తెలుసుకోవాలని కూడా ఎప్పుడూ తోచలేదు.

"తెలీదమ్మా," అన్నాడు సిగ్గుపడుతూ.

"వదిలేసి పోయినవాడు తిరిగొచ్చి తలుపు కొడుతున్నాడండి. తియ్యాలనే ఉందండి ఆవిడకి. తియ్యట్లేదు."

ఆమె చెరువు వైపు చూస్తూ అంది. నీకెలా తెలుసని అతను అడగలేదు. టేపు వెనక్కి తిప్పి పాట మొదటినుంచి పెట్టాడు. ఈసారి నోరు మూసుకుని, ఆ తలుపు దగ్గర నిలబడ్డ మనిషిని విన్నాడు. కళ్లు చెమ్మగిల్లాయి.

గూడబాతులు ఒక్కొక్కటే వచ్చి చెరువులో వాలుతున్నాయి. రాజుగారు పడవలోంచి కేకలేస్తూనే ఉన్నారు. పాట అయ్యేదాకా ఇద్దరిలో ఎవరూ రేకు డబ్బా అందుకోలేదు.