వర్జ్యం కాపాడిన క్లచ్

మా బాపును పత్తి మిల్లులోంచి వెళ్ళగొట్టిన మునీంకు మంచినూనె అంటే భక్తి. నాకు ఆ మునీం అంటే పగ. ఈ రెండూ కలిసి పక్వానికి రావడానికి ఒక దసరా నుంచి ఇంకో దసరా దాకా పట్టింది.

పగ పట్టినవాళ్ళు అన్నం మానేస్తారని, జుట్టు పెంచుతారని పురాణం చెప్పేవాళ్ళు అంటారు. నేను రెండు పూటలా తిన్నాను. క్షవరం కూడా చేయించుకున్నాను. పగకేమీ లోటు రాలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్ళయిన కాలం. జమ్మికుంటలో పత్తి బండ్లు దిగే యార్డుకు అవతల ఉండేది ఆ జిన్నింగు మిల్లు. బాపు అక్కడ ఇంజన్ డ్రైవరు. ఇరవై దాటిన నేను క్లచ్ లివర్ దగ్గర పనివాణ్ణి. ఒకే ఇంజన్ రెండు షాఫ్టులను తిప్పేది. ఒకటి పత్తి నుంచి గింజ తీసే జిన్నులకు, రెండోది దూదిని బేళ్ళుగా నొక్కే ప్రెస్సుకు. ఒక్కో షాఫ్టుకు ఒక్కో క్లచ్.

క్లచ్‌లో ఏముంటుందని చాలామంది అడిగేవారు. పళ్ళు లేవు, మేకు లేదు, గొలుసు లేదు. ఎదురెదురుగా గుండ్రటి ప్లేట్లుంటాయి, అంతే. ఒకటి ఇంజన్‌ది, ఎప్పుడూ తిరుగుతుంటుంది. రెండోది షాఫ్టుది, ముఖానికి గరుకు పట్టీ అతికించుకొని కదలకుండా ఉంటుంది. లివర్ నెమ్మదిగా వదిలితే స్ప్రింగులు ఆ రెంటినీ ఒకదానికొకటి ఒత్తుతాయి. మొదట జారుతాయి, రాసుకుంటాయి, వేడెక్కుతాయి. నిలబడ్డది కొద్దికొద్దిగా కదలడం మొదలుపెడుతుంది. కాసేపటికి రెండూ ఒకే వేగం అందుకొని, జారడం మానేసి, ఒక్క ముక్కలా తిరుగుతాయి. పెళ్ళిలాంటిదన్నమాట అని ఒక బండివాడు అన్నాడు. పెళ్ళిలో ఇంత తొందరగా కుదరదని బాపు అన్నాడు.

బాపుకు తన పని మీద గర్వం జాస్తి. ఇంటికొచ్చినా అదే పాఠం.

"స్ప్రింగు ఎంత గట్టిగ ఒత్తితె అంత పట్టు. ముఖం ఎంత గరుకుంటె అంత పట్టు. ఇగ ప్లేటు ఎంత ఎడల్పుంటె అంత బలం. మీ అవ్వ ఇసుర్రాయికి పిడి అంచుకుంటదా, నడిమిట్లుంటదా?"

"అంచుకే."

"నడిమిట్ల వెట్టి ఇసురుమను సూద్దాం."

"నువ్వే ఇసురు," అనేది లోపల్నుంచి అవ్వ, అంటే మా అమ్మ. "నా చేతులకు జర రికామన్న దొరుకుతది."

మిల్లులో తిరిగే ప్రతిదానికీ నూనె కావాలి. ఈ ప్లేట్లకు మాత్రం నూనె విషం. ప్లేట్లు బతికేది రాపిడి మీద, నూనె పుట్టిందే రాపిడిని చంపడానికి. అందుకే దసరా నాడు ఆయుధ పూజ చేసేటప్పుడు బాపు అన్ని బేరింగుల్లో నూనె చుక్క వేసి, క్లచ్‌కు మాత్రం మూత మీద పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టేవాడు.

ఆ ఏడు మిల్లు లెక్కలకు, పెత్తనానికి కొత్తగా వచ్చిన మునీం పూజ తన చేతుల మీదుగా జరగాలన్నాడు. ఆ పొద్దున బాపు నన్ను వెంటబెట్టుకొని పాలపిట్టను చూడడానికి ఊరి బయటికి పోయాడు. పిట్ట కనబడింది. దాని శుభమేమిటో మర్నాడు తెలిసింది.

మేం లేని ఆ కాసేపట్లో మునీం రెండు క్లచ్‌ల మూతలూ తెరిపించి, గంటెతో మంచినూనె పోశాడు. తిరిగేదానికి నూనె పోయకపోతే అమ్మవారికి కోపమొస్తుందట. మర్నాడు సీజను మొదలు. ఇంజన్ హోరెత్తింది, షాఫ్టులు మూలిగాయి, జిన్నులు నిద్ర లేవలేదు. ఆపి కడుగుదామని బాపు అంటే, బండ్లు ఎదురుచూస్తున్నాయి, నడుపమన్నాడు మునీం. నడుపుతూ పోతే జారుతున్న ప్లేట్లు కాలి, పట్టీలు బొగ్గయ్యాయి.

"నూనె పోసిండ్రు, గందుకే జారింది," అన్నాడు బాపు అందరి ముందర.

"అమ్మవారికి పోసిన నూనెతోని మిషిన్ ఖరాబైతదా?" అన్నాడు మునీం. "అంటే తప్పు అమ్మవారిదంటున్నవా?"

బండ్లవాళ్ళు, హమాలీలు, తూకం వేసేవాడు అందరూ బాపు వంక చూశారు. అమ్మవారి మీద సాక్ష్యం చెప్పేవాడు ఎవడు దొరుకుతాడు?

"ముసలోని చెయ్యి వణుకుతున్నది. నీ వశం కాదు, ఇంటికి పో," అని తేల్చాడు మునీం. కొత్త పట్టీలు వేయించి, ఇంజన్ మీద తన బామ్మర్దిని కూచోబెట్టాడు. కొత్త పట్టీలతో మిల్లు బాగానే నడిచింది. చూశారా, మనిషిని మార్చగానే ఎట్లా నడుస్తుందో అన్నాడు. మిల్లు యజమాని సేటుతో సహా అందరూ చూశారు.

నేను లివర్ దగ్గరే ఉండిపోయాను. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. పొద్దున్నే బామ్మర్దికి నమస్తే పెట్టాలని మునీం హుకుం. పెట్టాను. ఒక్కొక్క నమస్తేను లోపల ఎక్కడో దాచుకున్నాను, తిరిగి ఇవ్వడానికి. "మీ బాపు చెయ్యి ఇంక వణుకుతుందా?" అని బండ్లవాళ్ళ ముందర మునీం అడిగినప్పుడల్లా నవ్వాను కూడా. జోకులేసేవాడని నాకు పేరుండడం అక్కరకొచ్చింది. నవ్వుతున్నవాడి పళ్ళు ఎవరూ అనుమానించరు.

బాపు ఇంట్లో కూచొని మిల్లు చప్పుడు వినేవాడు. ఇంజన్ దగ్గితే అన్నం ముద్ద పట్టుకొని ఆగి, బామ్మర్దిని వాడి తాతల దాకా తిట్టి, మళ్ళీ తినేవాడు. వేరే మిల్లులో పని చూసుకొమ్మని అవ్వ అంటే, చెయ్యి వణికేవాణ్ణి ఎవడు పెట్టుకుంటాడని అడిగేవాడు. ఆ మాట కరీంనగర్ దాకా పాకింది మరి. ఆ మచ్చ పోకపోతే బాపు మళ్ళీ ఏ ఇంజన్ ముందరా కూచోడు. అందుకని మునీం కాలు విరగ్గొట్టడం లాంటి ఆలోచనలు మానుకున్నాను. కాలు విరిగినా నోరు పనిచేస్తుంది.

వేసవంతా ఆలోచిస్తే తట్టింది. నూనె పోసిన క్లచ్, పోయని క్లచ్ పక్కపక్కన నిలబెట్టాలి. అప్పుడు అమ్మవారి ప్రసక్తి లేకుండానే ప్లేట్లు సాక్ష్యం చెబుతాయి.

దసరా వచ్చింది. పొద్దున్నే పంతులును అడిగి వర్జ్యం ఎప్పుడు పడుతుందో తెలుసుకున్నాను. పాలపిట్టను చూడడానికి పోలేదు. మునీం పట్టుపంచె కట్టుకొని గంటెతో దిగాడు.

"సాబ్, పోయినేడు నూనె జర తక్కువైందని అంటుండ్రు," అన్నాను.

"ఎవరు?"

"అందరు. అమ్మవారికి గంటెతోని కొలుస్తరా, మునీం సాబ్ అంతటోడు, అని."

మునీం గంటె పక్కన పెట్టి చెంబు తెప్పించాడు. జిన్నుల క్లచ్ మూత తెరిచి, కళ్ళు మూసుకొని, ధారగా పోశాడు. నేను ఒక్క చుక్క ముట్టలేదు. దండం మాత్రం పెట్టుకున్నాను.

"సాబ్, ఒక్కొక్క జిన్నుకు ఒక్కొక్క హారతి ఇస్తె మంచిగుంటది," అన్నాను. "ఒక్కదానికిచ్చి ఒక్కదానికియ్యకపోతే ఎట్ల?"

పంతులుకు ఆ ఆలోచన ఎంతో నచ్చింది. జిన్నుకో కొబ్బరికాయ, జిన్నుకో మంత్రం. ప్రెస్సు వైపు కదిలేసరికి పంతులు పంచాంగం తీసి, పెదవి విరిచి, "వర్జ్యం పడ్డది మునీం సాబ్. ఇగ ముట్టద్దు," అన్నాడు. ప్రెస్సుకు పూజ జరగలేదు. నేను బాగా విచారంగా మొహం పెట్టాను.

మర్నాడు గేటు బయట పత్తి బండ్లు బారులు తీరాయి. తెల్ల టోపీ సర్దుకుంటూ సేటు వచ్చాడు. బామ్మర్ది ఇంజన్ నడిపించాడు. నేను లివర్ వదిలాను, బాపు నేర్పినట్టే, నెమ్మదిగా. ఇంజన్ అరిచింది. జిన్నులు పోయినేటిలాగే పడుకున్నాయి. క్లచ్‌లోంచి కాలిన నూనె వాసన మొదలైంది.

"మొత్తం వదులు," అన్నాడు బామ్మర్ది.

నేను లివర్ వెనక్కి లాగేశాను. ప్లేట్లు కాలిపోతే రేపు బాపు వచ్చి ఏం నడుపుతాడు?

"సేట్‌జీ, గీడు కావాలని చేస్తుండు," అన్నాడు మునీం. "తండ్రి లెక్కనే వీని చెయ్యి సుత వణుకుతుంది."

"అయితె రెండు లివర్లు మీ బామ్మర్దినే పట్టుమనుండ్రి," అన్నాను.

బామ్మర్ది పోయి పట్టాడు. వాడు ఒక్క క్షణం వదిలి చూసినా జిన్నులు కదల్లేదు. ప్రెస్సు షాఫ్టు మాత్రం సాఫీగా తిరిగింది. సేటు ఆ షాఫ్టును చూశాడు, ఈ షాఫ్టును చూశాడు.

"ఇంజన్ ఒక్కటే. గిది తిరుగుతుంది, గది తిరుగుతలేదు. కైసే?"

"తిరిగేదానికి పూజ కాలే సేట్‌జీ," అన్నాను. "వర్జ్యం పడ్డది. పూజైంది మాత్రం జారుతుంది."

ఎవరూ నవ్వలేదు. నా జోకుల్లో అంత బాగా పారింది ఇంకోటి లేదు. సేటు మూత తెరిచి, ప్లేటు మీద వేలు పెట్టి, వాసన చూశాడు.

"మంచినూనె. ఎవరు పోసిండ్రు?"

"అమ్మవారికి..." అన్నాడు మునీం.

"లక్ష్మి బండ్లల్ల వచ్చి గేటు కాడ నిలబడ్డది. నువ్వేమో లోపట నూనె పోసి ఆమెను ఆపినవ్. పోయినేడు సుత నువ్వే పోసినవా?"

మునీం బామ్మర్ది వంక చూశాడు. "బావనే పోసిండు," అన్నాడు బామ్మర్ది, చుట్టరికం మీద ఏ మాత్రం మొహమాటం లేకుండా.

"ముసలోన్ని పిలుచుకరా పో," అన్నాడు సేటు. "మనిషిని తోలకు. నువ్వే పో."

మునీం మా ఇంటికి నడిచిపోయాడు. తోవ చూపడానికి నేనూ పోయాను, ఆ తోవ అతనికి తెలిసినా. బాపు అన్నం తింటున్నాడు. మునీం సంగతంతా గుమ్మం బయట నిలబడి చెప్పాడు. బాపు మజ్జిగ పోసుకున్నాడు. మళ్ళీ పోసుకున్నాడు. ఆయన అంత మజ్జిగ తాగడం నేనెన్నడూ చూడలేదు.

మిల్లుకొచ్చి క్లచ్‌లోకి తొంగిచూసి, "కాలలే. కడిగితె సరిపోతది," అన్నాడు సేటుతో. పెట్రోలు డబ్బా, పాత గుడ్డలు, సుద్దపొడి తెప్పించాడు. రెండు ప్లేట్లూ విప్పి పక్కపక్కన పెట్టాడు. నేను గుడ్డ అందుకోబోతే ఆపాడు.

"నువ్వెందుకు? పోసిన చెయ్యే తుడువాలె."

సేటు మునీం వంక చూశాడు. మునీం పంచె ఎగ్గట్టి గొంతుక్కూచున్నాడు. పోయినేడు మాటలు విన్న బండ్లవాళ్ళు గేటు దాటి వచ్చి చుట్టూ చేరారు. బాపు ఇంజన్ ముందరి తన జాగాలో కూచొని బీడీ వెలిగించాడు. అగ్గిపుల్ల పట్టుకున్న చెయ్యి వణకలేదు. అది అందరూ చూడాలని పుల్ల వేలికి అంటేదాకా పట్టుకొని, చురుక్కుమన్నాక పారేశాడు.

మునీం పెట్రోలుతో కడిగి, సుద్ద చల్లి, రుద్ది, పట్టీ ఉన్న ప్లేటు నాకు చూపించాడు. తుడిచిన పలకలా పొడిగా ఉంది. వేలితో రాస్తే గరగరమంది.

"గీ అంచుకు ఇంక జర జిడ్డున్నది సాబ్," అన్నాను. "గట్టిగ రుద్దుండ్రి."