కెప్టెన్ మోకాలు

మా అమ్మాయి యూనివర్సిటీలో చేరిన మొదటి ఏడాది అమ్మాయిల హాకీ జట్టులో ఆడింది. రెండో ఏడాది చదువు బరువైందని మానేసింది. నేను మాత్రం చూడటం మానలేదు. శనివారం డ్యూటీ లేకపోతే చాలు, టాలాలో లువాస్ ట్రామ్ ఎక్కి, మధ్యలో బస్సు మారి, మైదానం పక్కనున్న గట్టు మీదికి చేరుకునేదాన్ని. “నేనే ఆడటం లేదు కదా మమ్మీ, నువ్వెందుకు వానలో?” అని మా పిల్ల ఇంగ్లీషులో విసుక్కునేది. ఎందుకో నాకూ సరిగ్గా తెలియదు. వారమంతా ఫ్రాక్చర్ క్లినిక్‌లో విరిగిన చేతులూ కాళ్ళూ చూసే నర్సుకి, వారానికోసారి గట్టిగా పరుగెత్తే కాళ్ళు చూస్తే ప్రాణం లేచి వచ్చేది.

గట్టు మీద మేం ముగ్గురం ఎప్పుడూ ఒకేచోట నిలబడేవాళ్ళం. ఒకాయన రిటైరైన పోస్ట్‌మ్యాన్, ములింగార్ నుంచి రైల్లో వచ్చేవాడు. ఆయన మనవరాలు ఒకప్పుడు ఈ జట్టుకి గోల్‌కీపర్. ఆ పిల్ల చదువు ముగించుకుని వెళ్ళిపోయినా తాత మిగిలిపోయాడు. రెండో అతను నల్గొండ కుర్రాడు, నన్ను అక్కా అంటాడు, నాకు తమ్ముడే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చిన్నప్పుడు గురుకులంలో హాకీ ఆడాడట. లీగ్‌లోని పది జట్లలో ఎవరు ఎన్నో స్థానంలో ఉన్నారో, ఎవరు ఎన్ని గోల్స్ కొట్టారో ఫోన్ చూడకుండా చెప్పేవాడు. జట్టు అభిమానుల వాట్సాప్ గ్రూపు పెట్టింది కూడా అతనే. అందులో ఆటగాళ్ళ తల్లిదండ్రులు, పాత ఆటగాళ్ళు, మేము.

ఆ ఏడు మా జట్టు మూడో స్థానంలో ఉంది. మొదటి నాలుగు జట్లే సెమీఫైనల్స్‌కి వెళ్తాయి. అంత పైకి ఎక్కడానికి కారణం కెప్టెన్ అని ముగ్గురం ఒప్పుకునేవాళ్ళం. సన్నగా, పొడుగ్గా ఉండే పిల్ల. మైదానం మధ్యలో ఆడేది. బంతి తన దగ్గరికి రాకముందే తలెత్తి ఒకసారి చుట్టూ చూసుకునేది. అందుకే వచ్చిన బంతి ఆమె కర్ర దగ్గర ఎక్కువసేపు ఉండేది కాదు. ఎవరికి వెళ్ళాలో వాళ్ళకి వెళ్ళిపోయేది.

“లీగ్ మొత్తంల ఈమె లెక్క ఆడేటోళ్ళు లేరక్కా,” అనేవాడు తమ్ముడు.

“మా మనవరాలి తర్వాత,” అనేవాడు తాత.

“మీ మనవరాలు గోల్‌కీపర్ కదా!”

“అయితే ఏమిటి?” అని తాత నవ్వేవాడు.

నవంబరులో ఒక శనివారం కెప్టెన్ పడిపోయింది. ఎవరూ తాకలేదు. పరుగెత్తుతూ ఒక్కసారి పక్కకు తిరిగింది. పాదం నేలలో నాటుకున్నట్టు ఉండిపోయింది, ఒళ్ళు మాత్రం తిరిగింది. ఆమె అరవలేదు. మోకాలు రెండు చేతులతో పట్టుకుని ఆకాశంలోకి చూస్తూ పడుకుంది.

“షీ విల్ బీ గ్రాండ్,” అన్నాడు తాత. ఏం ఫర్వాలేదనడానికి ఆయన మాట అది; వాన పడ్డా గ్రాండే, రైలు తప్పినా గ్రాండే. కానీ ఆ రోజు ఆ మాట చాలా చిన్నగా అన్నాడు.

తమ్ముడు నా వైపు తిరిగాడు. “అక్కా, నువ్వు నర్సువి. ఎన్ని వారాలైతది?”

“ఇక్కణ్ణుంచి చూసి ఎట్లా చెబుతారయ్యా ఎవరైనా?”

మర్నాటికి గ్రూపులో వైద్యులు పుట్టుకొచ్చారు. బెణుకు, రెండు వారాలు అని ఒకరు. క్రిస్మస్‌కల్లా వచ్చేస్తుందని ఇంకొకరు. ఆమె లేకుండా ఎన్ని మ్యాచ్‌లు ఓడిపోతే ఎన్నో స్థానానికి జారిపోతామో తమ్ముడు లెక్క వేసి పెట్టాడు.

పది రోజుల తర్వాత, మంగళవారం ఉదయం, మా క్లినిక్ జాబితాలో ఒక పేరు కనబడింది. పిలిస్తే ఊతకర్రల మీద లోపలికి వచ్చింది కెప్టెన్. నన్ను చూసి ఆగిపోయింది.

“మీరు గట్టు మీద నిలబడే ఆవిడ కదూ?”

“అవునమ్మా. ఇక్కడ మాత్రం నేను నర్సుని,” అన్నాను.

డాక్టరు ఎమ్మారై చూపించాడు. మోకాలి లోపల లిగమెంట్ పూర్తిగా తెగిపోయింది. ఆపరేషన్ చేయాలి. ఆ తర్వాత మళ్ళీ మైదానంలోకి దిగడానికి తొమ్మిది నెలలు, ఇంకా ఎక్కువ కూడా కావచ్చు. ఇలాంటి మాట విన్నాక ఏడ్చినవాళ్ళని చూశాను, డాక్టరు మీద కోపగించుకున్నవాళ్ళని చూశాను. ఆ పిల్ల మాత్రం ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

“శనివారం మ్యాచ్ స్లైగోలో. జట్టుతో బస్సులో వెళ్ళొచ్చా?”

కాలు చాపుకుని కూర్చుంటే వెళ్ళొచ్చని చెప్పి డాక్టరు బయటికి వెళ్ళాక ఆమె కళ్ళు నిండాయి. టిష్యూ పెట్టె దగ్గరికి జరిపాను. “మా జట్టువాళ్ళకి నేనే చెప్పుకోవాలి,” అంది.

“నా నోట్లోంచి ఒక్క మాట రాదు. నువ్వు అడక్కపోయినా రాదు,” అన్నాను.

మాట ఇవ్వడం తేలికే. ఆ సాయంత్రం లువాస్‌లో కూర్చుని ఫోన్ తెరిస్తే గ్రూపంతా ఆమె గురించే. కోచ్‌తో గొడవపడిందట, కావాలనే దూరంగా ఉందట అని ఎవరో రాశారు. దాని కింద తమ్ముడు, “నాకూ అదే అనుమానం,” అని పెట్టాడు. నా వేళ్ళు దురద పెట్టాయి. ఆ పిల్ల స్లైగో బస్సు గురించి అడిగిన గొంతు ఇంకా చెవిలో ఉంది. ఒక్క వాక్యం రాస్తే అందరి నోళ్ళూ మూతపడేవి. ఆ వాక్యం రాసే హక్కు నాకు లేదు. తమ్ముడికి విడిగా, “మనకి తెలియంది రాయొద్దయ్యా,” అని మాత్రం పంపాను.

వెంటనే ఫోన్ చేశాడు. “నీకు ఎరుకే అక్కా. మీ దగ్గరికే వచ్చిందా? చెప్పరాదూ, నేనెవ్వరికి చెప్పను.”

“మా క్లినిక్‌కి ఎవరొచ్చారు, ఎవరు రాలేదు అన్న మాట నేను మా ఇంట్లో కూడా చెప్పను.”

“నన్ను గూడ నమ్మవా?”

“నమ్మకం మాట కాదయ్యా.”

ఫోన్ పెట్టేశాడు. పది రోజులు నాకు ఒక్క మెసేజ్ లేదు. మూడేళ్ళ స్నేహం, మా ఇంట్లో గోంగూర తిన్న మనిషి. బాధేసింది.

స్లైగోలో మావాళ్ళు ఓడిపోయారు. ఆ తర్వాతి శనివారం మా మైదానంలోనే ఆట. నేను వెళ్ళేసరికి తమ్ముడు తాతకి అటువైపు, నాకు దూరంగా నిలబడ్డాడు. ఆట మొదలవడానికి ముందు కెప్టెన్ ఊతకర్రల మీద తడి గట్టెక్కి మా దగ్గరికి వచ్చింది. సాయం చేయబోతే వద్దంది. లిగమెంట్ తెగిందని, ఆపరేషన్ ఉందని, ఈ సీజన్‌కి ఇక ఆడనని తనే చెప్పింది. నాకు ముందే తెలుసని తమ్ముడికి నా ముఖం చూస్తే అర్థమైంది.

“ఒక సాయం చేస్తారా?” అంది మాతో. “నా స్థానంలో ఆడే అమ్మాయి ఫస్టియర్. గట్టు మీద మాట్లాడుకునేవన్నీ మాకు లోపల వినిపిస్తాయి. ‘కెప్టెన్ ఉంటేనా’ అని ఆ పిల్లకి వినబడేలా అనకండి. ఆమె పేరు పెట్టి అరవండి.”

కాలికి కట్టు ఉంది, ఏడాది ఆట పోయింది, అయినా ఆమె వచ్చి అడిగింది ఇది. తాత టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఆమె దిగి వెళ్ళాక తమ్ముడు నా పక్కకి వచ్చి నిలబడ్డాడు.

“తప్పైందక్కా. నువ్వు చెప్పకపోవుడే మంచిదైంది. ఆ రాసింది నేను తీసేస్త,” అన్నాడు. అక్కడే నిలబడి తీసేశాడు. తాను పొరపాటుగా రాశానని గ్రూపులో ఇంగ్లీషులో పెట్టాడు కూడా.

ఆ రోజు ఫస్టియర్ పిల్ల పేరు పెట్టి గొంతులు పోయేలా అరిచాం. అయినా ఓడిపోయాం. ఏడో స్థానానికి జారాం. పాపం ఆ పిల్ల బంతి వస్తే కంగారుపడేది. ఆట మధ్యలో విరామం వచ్చినప్పుడల్లా కెప్టెన్ ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని వేలితో మైదానం చూపిస్తూ ఏదో చెప్పేది. ఫిబ్రవరికి ఆ పిల్ల కూడా బంతి రాకముందే తలెత్తి చూడటం మొదలుపెట్టింది. ముందు కనిపెట్టింది తాతే. “చూడండి, చూడండి,” అని నా భుజం తట్టాడు. చివరికి అయిదో స్థానంలో ఆగాం. ఒక్క మెట్టులో సెమీఫైనల్ తప్పిపోయింది. సీజన్ ఆఖరి రోజున కెప్టెన్ చప్పట్లు అందరికన్నా గట్టిగా వినిపించాయి.

మరుసటి శీతాకాలం, ఆపరేషనయి ఏడాది కావస్తుండగా, ఆమె మళ్ళీ ఆడుతుందని తెలిసింది. సరిగ్గా ఆ శనివారమే నాకు డ్యూటీ. మార్చుకుందామంటే ఎవరూ దొరకలేదు. భోజన విరామంలో క్యాంటీన్‌లో కూర్చుని తమ్ముడికి ఫోన్ చేశాను.

“ఇప్పుడే దిగిందక్కా! ఆఖరి పదిహేను నిమిషాలు ఆడిస్తున్నరు.” వెనకాల గాలి హోరు, అరుపులు. “బంతొచ్చింది. ఇచ్చేసింది. గట్లనే, ఎప్పటిలెక్కనే.” తర్వాత ఒక్కసారిగా అందరి గొంతులూ ఆగిపోయాయి.

“ఏమైంది? ఏమైందయ్యా?”

“అవతలి పిల్ల గుద్దింది. ఇద్దరు కింద పడ్డరు.”

నా చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది. ఆ మోకాలి లోపల ఎక్కడ తెగిందో, ఎలా అతికించారో తెలిసినదాన్ని.

“మన పిల్ల లేచింది,” అన్నాడు తమ్ముడు. “లేచి, ఆ గుద్దిన పిల్లకే చెయ్యిచ్చి లేపుతున్నదక్కా.”

ఆ మ్యాచ్ డ్రా అయింది. ఆమె గోల్ కొట్టలేదు, జట్టు స్థానమూ మారలేదు. ఇదంతా రాసే ముందు ఆమెని అడిగాను, రాయనా అని. ఇప్పుడు ఉద్యోగంలో ఉంది, ఆదివారాలు చిన్నపిల్లలకి హాకీ నేర్పుతోంది. “రాయండి, కానీ ఆ ఫస్టియర్ పిల్ల గురించి తప్పకుండా రాయండి,” అంది.