ముందు నీ పరీక్ష కానియ్

పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో నాది ప్యాకింగు పని. పగలంతా గోలీలు డబ్బాల్లో సర్దడం, ఇంటికొచ్చి గోలీలు మింగడం. పెళ్లయి ఏళ్లు గడిచినా కడుపు పండలేదని మా అత్తమ్మ నన్ను తిప్పని ఆసుపత్రి లేదు, తాగించని పసరు లేదు. నా పరీక్షలన్నీ బాగానే వచ్చాయి. అయినా మందులు నాకే. మా ఆయనను పరీక్ష చేయించుకోమని ఇంట్లో ఒక్కరూ అనలేదు. మగాడికేం రోగమని వాళ్ల ధీమా.

ఒకరోజు నాకు ఒళ్లు మండింది. గోలీల కవరు తీసుకెళ్లి ఆయన ఒళ్లో పడేశాను.

"నువ్వు పరీక్ష చేయించుకునేదాంక నేను ఒక్క గోలీ ముట్ట."

"నాకేమైంది? మంచిగనే ఉన్న గదా!"

"ఉంటె మంచిదే. గదే డాక్టరమ్మతోని చెప్పించు."

కొన్నాళ్లు ముఖం మాడ్చుకున్నాడు. నేనూ తగ్గలేదు. చివరికి విసుక్కుంటూనే నాతో సంగారెడ్డి ఆసుపత్రికి వచ్చాడు.

పరీక్ష చేసి, వీర్యకణాలు తక్కువగా ఉన్నాయని, ఉన్నవి కూడా చురుగ్గా లేవని డాక్టరమ్మ చెప్పింది. ఏం పని, ఏం అలవాట్లు అని అడిగింది. ఇనుము కరిగించే ఫర్నేసు ముందు డ్యూటీ, నోట్లో గుట్కా, వారం తిరిగేసరికి దోస్తులతో మందు. అన్నీ ఆయన నోటితోనే చెప్పాడు. వీటన్నిటి వల్లా కణాలు దెబ్బతినొచ్చని, మానేస్తే మెరుగుపడే అవకాశం ఉందని, మూడు నెలలాగి మళ్లీ చూద్దామని ఆమె అంది.

బయటికి రాగానే "అమ్మకు చెప్పకు" అన్నాడు.

"నేను చెప్ప. నువ్వే చెప్పు" అన్నాను. జాలేసింది, కానీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

గుట్కా మానాడు. మొదట్లో ఊరికే కస్సుమనేవాడు. మందు మానితే దోస్తులు "పెండ్లాం కొంగు వట్టుకోని తిరుగుతున్నవారా" అని ఆటపట్టించారు. సూపర్‌వైజరును బతిమాలి ఫర్నేసు నుంచి సరుకు బయటికి పంపే డిస్పాచ్‌కు మారాడు. అన్నీ చేశాడు, అమ్మకు చెప్పడం తప్ప. పసరు గ్లాసు మాత్రం నా చేతికే వచ్చేది. నేను పెరట్లో పారబోసేదాన్ని.

ఇంతలో మా ఆడబిడ్డ కూతురికి తొట్టెల పండుగ, మా ఇంట్లోనే. పాపను తొట్టెలో వేసేటప్పుడు నేనూ చేతులు చాచాను. అందరి ముందే అత్తమ్మ నా చేతులు పక్కకు జరిపింది.

"నువ్వు జెర ఆగు బిడ్డా. పిల్లలున్నోళ్లు ఎయ్యనీ."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక ఊరుకునేది లేదనుకున్నాను. నేను నోరు విప్పేలోపే గడప దగ్గర నుంచి ఆయన గొంతు వినిపించింది.

"అమ్మా, ఆమెల ఏం లోపం లేదు. నాల ఉన్నది. పరీక్షల తేలింది. అందుకే గుట్కా, మందు అన్ని బంద్ వెట్టిన. ఇగ ఎవరన్న అడిగితె నా పేరు చెప్పు."

అత్తమ్మ తల దించుకుంది. నేను ఎవరినీ అడగలేదు. ఆడబిడ్డ చేతుల్లోంచి పాపను తీసుకుని నేనే తొట్టెలో పడుకోబెట్టాను.