నీళ్ల తొట్టిలో రౌహాలా గారు

హెల్సింకిలో మా రక్షణ శాఖకు వచ్చే బూట్లను పరీక్షించే తానెలి రౌహాలా గారికి ఒకటే పిచ్చి. ఎంత మంచి బూటైనా సరే, తొడుక్కుని నీళ్ల తొట్టిలో గంటసేపు నిలబడితే గాని సంతకం పెట్టరు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి పధ్నాలుగేళ్లు. పక్క గదుల్లో ఫిరంగుల గురించి, ఓడల గురించి గొంతులు చించుకునేవారు. మా గదిలో ఆయన తొట్టిలోంచి ఉత్తరాలు చెబుతుంటే నేను టైపు కొట్టేదాన్ని. ఒకసారి స్వీడన్ సైనికాధికారి వస్తే తొట్టిలోంచే సెల్యూట్ చేశారు. ఆ పెద్దమనిషి అది మా దేశపు మర్యాద అనుకుని, తానూ దిగడానికి ప్యాంటు మడవబోయాడు!

ఆ సెప్టెంబరులో తంపెరె ఊరి నుంచి సలోవారా అనే బూట్ల ఫ్యాక్టరీ యజమాని అద్దంలా మెరిసే జత తెచ్చాడు. మంచు పడేలోగా ఎనిమిది వేల జతలు కావాలి. మా శాఖ డైరెక్టరు గారు గుమ్మంలోనే నిలబడ్డారు.

"రౌహాలా, ఇవాళే సంతకం పడాలయ్యా."

"ముందు నన్ను నీళ్లలో పడనివ్వండి సార్."

మూడు నిమిషాలకే ఆయన మొహం చిట్లించారు. "ఎడమ కాలు తడిసింది."

"అది మీ చెమటండీ!" అన్నాడు సలోవారా.

"అయితే మీరు దిగండి."

దిగాడు. నాలుగో నిమిషానికి కొంగలా ఒంటికాలి మీద నిలబడ్డాడు.

"కారుతోంది," అని ఒప్పుకుని గొంతు తగ్గించాడు. "ఈ ఆర్డరు పోతే అరవై మంది కుట్టుపనివాళ్లను ఇంటికి పంపేయాలండీ."

"తడికాళ్లతో మన కుర్రాళ్లను సరిహద్దుకు పంపమంటారా?" అన్నారు రౌహాలా గారు.

మర్నాడే ఆయన సెలవు పెట్టారు. చేపలు పట్టుకోవడానికట!

"ఇలాంటప్పుడు చేపలేమిటయ్యా!" అని డైరెక్టరు గారు తల పట్టుకున్నారు.

పన్నెండో రోజున తంపెరె నుంచి కొత్త జత, దానితో ఒక ఉత్తరం వచ్చాయి. "మీ అధికారి తన సెలవంతా మా ఫ్యాక్టరీలో తొట్టిలోనే గడిపారు. ఏ కుట్టు దగ్గర నీరు కారుతోందో పట్టుకుని, మైనం పూసిన దారంతో దగ్గరుండి కుట్టించారు. ఇక మావాళ్లెవరి పనీ పోదు."

డైరెక్టరు గారు ఆ జత తొడుక్కుని తొట్టిలో దిగారు. గంట గడిచింది. పొడి మేజోళ్లతో బయటికొచ్చి, ఆ ఉత్తరాన్ని ఫిరంగుల గదిలో, ఓడల గదిలో కూడా చదివి వినిపించారు. "ఇదీ మన శాఖ!" అన్నారు. ఆ చలికాలం మా కుర్రాళ్లు సరిహద్దు దాకా పొడికాళ్లతో నడిచారు.

ఆ ఉత్తరం వచ్చిన తర్వాతి సోమవారం రౌహాలా గారు తుమ్ముకుంటూ వచ్చారు.

"చేపలు పడ్డాయా సార్?" అన్నాను, నవ్వాపుకుంటూ.

"ఎక్కడమ్మా! పదిరోజులు నీళ్లలోనే నిలబడ్డాను. ఒక్కటీ కాలి దగ్గరికి రాలేదు."