సదానందం సార్ బటన్లు

పోయిన నెల ఫోను ఛార్జింగు ఎక్కడం లేదని హనుమకొండ చౌరస్తాలో ఒక దుకాణానికి వెళ్ళాను. కౌంటరు వెనక కూర్చున్న అమ్మాయి ఫోను విప్పి, సోల్డరింగ్ ఐరన్ వేడిచేసి, లోపలి తీగను అంటించింది. సన్నగా పొగ లేచింది. టంకం కాలే ఆ వాసన చాలామందికి ఇష్టం. నాకు మాత్రం కాదు. నేను ఫోను వైపు చూడలేదు, ఆ అమ్మాయి వేళ్ళ వైపు చూశాను. ఐరన్‌కి ఎంత దూరంలో ఉన్నాయో, సెగ తగిలితే వెనక్కి లాక్కుంటోందో లేదో అని. "ఏంది మేడం, గట్ల చూస్తాండ్రు?" అని అడిగింది. ఏమీ లేదన్నాను. ఉన్నది చెప్పాలంటే సదానందం సార్ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి, అక్కడేమో దుకాణం కట్టేసే వేళయింది.

ఎనభైల మధ్యలో నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేతబట్టుకుని ఉద్యోగం కోసం తిరుగుతుంటే, ఆడపిల్లకు రిపేరు పనేమిటని నవ్వని మనిషి వరంగల్ మొత్తంలో ఆయనొక్కరే కనబడ్డారు. కొత్తవాడలో ఒక పవర్‌లూమ్ షెడ్డు మీది గదిలో ఆయన వర్క్‌షాపు. నేతపని వాళ్ళింట్లో పుట్టి, మగ్గం వదిలి, రేడియోలు విప్పుతూ విప్పుతూ పని నేర్చుకున్నారు. కింద మగ్గాలు నడుస్తుంటే పైన మా బల్లలూ టీ గ్లాసులూ అదిరేవి, నోట్లో పళ్ళు కూడా అదిరేవి. ఆ మోతలో మేం తయారుచేయబూనింది చేతిలో పట్టుకుని ఆడుకునే చిన్న కంప్యూటర్. అరచేతికన్నా కాస్త పెద్ద డబ్బా, దాని మీద వరసలుగా ఎర్ర లైట్లు. పైనుంచి దిగే లైటును కింది లైటుతో గురిచూసి కొట్టాలి. అటూ ఇటూ జరగడానికి రెండు బటన్లు, కొట్టడానికి ఒకటి. హైదరాబాద్ బొమ్మల వ్యాపారి ఒకాయన ఎక్కడో చూసిన విదేశీ ఆటను వర్ణించి, అలాంటిది చేసిస్తే ఎన్నయినా కొంటానని చెప్పి పోయాడు.

లోపలి సర్క్యూట్ పని సార్ నాకు అప్పజెప్పారు. బటన్లు మాత్రం ఎవరినీ ముట్టనివ్వలేదు. "పోరగాని కండ్లు లైట్ల మీదుంటయి సరళా. బటన్ వడ్డదో లేదో బొటనేలికే తెల్వాలె," అనేవారు. మగ్గాల మోతలో టక్కుమన్న చప్పుడు ఎలాగూ వినబడదు కనుక ఆయన పరీక్ష కూడా దానికి తగ్గట్టే ఉండేది. డబ్బాను తువ్వాల కింద పెట్టి, కళ్ళు మూసుకుని, ఒక్కో బటన్ నొక్కి చూసేవారు. ప్రతి బటన్ కింద గిన్నెలా వంచిన చిన్న రేకు ముక్క ఉంటుంది. నొక్కితే ఒక్కసారిగా లోపలికి దిగుతుంది, వదిలితే లేస్తుంది. రేకు మరీ పల్చనైతే నొక్కినట్టే ఉండదు, మందమైతే వేలు నొస్తుంది. ఆ రెండింటి మధ్య సరైనది వెతకడానికి ఆయన పెళ్ళిసంబంధం చూసినంత చాదస్తం చేసేవారు. నాకు నవ్వొచ్చేది, కానీ ఆయన ఔనన్న బటన్ మీద వేలు పెడితే ఆ చాదస్తం ఎందుకో తెలిసిపోయేది.

అలాంటి మనిషి చేతిలో బటన్లు రానురాను గట్టిపడటం మొదలైంది. నేను బాగుందనుకున్న బటన్ నొక్కి, "దీంట్ల పానం లేదు," అని తీసేసేవారు. ఇంకాస్త మందం రేకు వేసేవాళ్ళం. మళ్ళీ అదే మాట. షెడ్డులో పనిచేసే ఒకామె కూతురు వచ్చి ఆడి చూసి, వేలు నొస్తాందని డబ్బా బల్ల మీద పెట్టేసి పోయింది. నమూనాలు పంపితే వ్యాపారి తిప్పి పంపాడు, పిల్లలు నొక్కలేకపోతున్నారని. సార్‌కు కోపం వచ్చింది. రేకులు అమ్మినవాణ్ణి తిట్టారు, అచ్చు పోసినవాణ్ణి తిట్టారు. నేను కూడా రేకుల్లోనే లోపం ఉందనుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం ఆయన టంకం వేస్తూ నాకేదో వివరిస్తున్నారు. పొగ వాసనలో ఇంకో వాసన కలిసింది. ఇంట్లో కోడి ఈకలు కాల్చినప్పుడు వచ్చే వాసన. ఏమిటా అని చూస్తే, ఆయన కుడిచేతి ఉంగరపు వేలు కాలే కడ్డీకి ఆనుకుని ఉంది. ఆయన మాట ఆగలేదు, చెయ్యి కదలలేదు, మొహంలో చిన్న మార్పు లేదు. నేను వేలితో చూపించాను. ఆయన కిందికి చూశారు. చెయ్యి తీసి, వేలి కన్నా ముందు నా మొహం చూశారు. నేను ఎంతవరకు చూశానో తెలుసుకోవాలన్నట్టు. ఇది మొదటిసారి కాదని నాకు అప్పుడు అర్థమైంది. ఆయన చొక్కా చేతులు ఎంత ఎండలోనూ మడవకపోవడం, ఒకసారి కఫ్ జరిగినప్పుడు మణికట్టు పైన కనబడ్డ తెల్లటి మచ్చ, అన్నీ ఒక్కసారే నా కళ్ళ ముందుకొచ్చాయి. "ఎవలకు చెప్పకు," అని, మళ్ళీ ఐరన్ అందుకున్నారు.

మా వైపు కుష్ఠును పెద్దరోగం అంటారు, అదైనా గొంతు తగ్గించి అంటారు. మా వాడలో ఒకాయనకు ఆ రోగమని తెలిశాక బావి దగ్గరికి రానివ్వలేదు, తర్వాత ఆ ఇల్లే ఖాళీ అయింది. ఆ రోజు ఇంటికి పోయి చేతులు సబ్బుతో కడిగాను, మళ్ళీ కడిగాను. ఆయన పట్టుకున్న ఐరనే నేనూ పట్టుకున్నాను, ఆయన తువ్వాలకే నేనూ చేతులు తుడుచుకున్నాను. అమ్మ ఏమైందని అడిగితే టంకం మసి అన్నాను. చెబితే మర్నాటి నుంచి నన్ను గడప దాటనివ్వదు. చెప్పకపోతే నాలో నేను చచ్చిపోతున్నాను. అన్నం ముద్ద పట్టుకున్నా వేళ్ళకు వేడి తెలుస్తోందా లేదా అని చూసుకునేదాన్ని. జ్వరమొచ్చిందని కబురు పంపి కొన్నాళ్ళు పనికి పోలేదు. నిజానికి భయమే జ్వరంలా ఉండేది.

మళ్ళీ వెళ్ళింది ధైర్యం వచ్చి కాదు, ఇంట్లో ఉంటే ఆ భయం ఇంకా పెరిగిపోతోందని. సార్ తువ్వాల కింద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉన్నారు. కరెంటు పోయి కింద మగ్గాలు ఆగిపోయాయి, గది నిశ్శబ్దంగా ఉంది. నేను దూరంగా నిలబడి, లోపం రేకుల్లో లేదు సార్ అన్నాను. ఆయనకు అర్థమైంది. తర్వాత నెమ్మదిగా, ఈ ఆర్డరు అయిపోయాక దవాఖానకు పోతానన్నారు. తెలిస్తే షెడ్డు యజమాని గది ఖాళీ చేయిస్తాడని, పిల్లల పక్కన బడిలో ఎవరూ కూర్చోరని, భార్యకు ఈ సంగతి చెప్పే నోరు తనకు లేదని ఒక్కొక్కటే చెప్పుకొచ్చారు. చెయ్యి పోతుంది సార్ అన్నాను. పోతే పోనీ అన్నట్టు చూశారు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"నాకు భయమైతాంది సార్. మీ గురించి గాదు, నా గురించి. మీ ఐరనే నేను వట్టుకుంటాన."

ఆ మాట ఆయనకు అంతవరకు తట్టలేదని మొహం చూస్తేనే తెలిసింది. తన చెయ్యి గురించి ఎంత చెప్పినా కదలని మనిషి తువ్వాల మడిచి పక్కన పెట్టారు. "రేపు పోదాం బిడ్డా. నీ చేతులు గూడ సూపెడ్దాం," అన్నారు.

వరంగల్‌లో అయితే ఎవరైనా చూస్తారని పరకాల దాటి ఇంకో ఊళ్ళో ఉన్న దవాఖానకు వెళ్ళాం. బస్సులో ఆయన ముందు సీట్లో, నేను వెనక సీట్లో. తెలిసినవాళ్ళెవరూ ఎక్కకూడదని దారి పొడుగునా దండాలు పెట్టుకున్నాను. డాక్టరమ్మ పెద్దావిడ, నెమ్మదస్తురాలు. సార్‌ను కళ్ళు మూసుకొమ్మని, దూది పుల్లతో చేతిని తాకుతాను, తాకినచోటు చూపించమంది. ముందు మోచేతి దగ్గర తాకింది. ఆయన టక్కున చూపించారు. తర్వాత మణికట్టు. అరచెయ్యి. చూపుడు వేలు. బొటనవేలు. దూది కదులుతూనే ఉంది, ఆయన కళ్ళు మూసుకుని బుద్ధిగా కూర్చునే ఉన్నారు. నేను గోడకు ఆనుకున్నాను.

"ఇంక మల్ల ముట్టలేదా అమ్మా?" అని అడిగారాయన.

డాక్టరమ్మ దూది తీసేసింది. కళ్ళు తెరిచాక నా మొహం చూసి ఆయన తల దించుకున్నారు. మాత్రలతో రోగం పోతుందని, మొదలుపెడితే ఇంకొకరికి అంటుకోదని, ఇంట్లోవాళ్ళను కూడా తీసుకురమ్మని ఆమె చెప్పింది. పోయిన స్పర్శ మాత్రం తిరిగి వస్తుందని మాట ఇవ్వలేనంది. నా చేతులు కూడా చూసింది. ఏమీ లేదు, అయినా కొన్నేళ్ళు కనిపెట్టుకుని ఉండమంది. ఆ 'అయినా' నా చెవుల్లో ఉండిపోయింది.

ఆయన భార్య గురించి పడ్డ భయం వృథా అయింది. ఆమె విని, కాసేపు కూర్చుని, పిల్లలకు చొక్కాలు తొడిగి దవాఖానకు బయల్దేరిందట. షెడ్డులో ఎవరికీ తెలియకుండానే మందులు నడిచాయి. మెట్ల మీద ఎవరైనా కనబడితే చాలు, సార్ మాత్రల డబ్బా మీద తువ్వాల కప్పేవారు. బటన్లు ఇక నన్నే చూడమన్నారు. అప్పుడు నాకు కొత్త భయం పట్టుకుంది, నా వేలు అబద్ధం చెబితే ఎట్లా అని. చివరికి ఒక బటన్ కుదిరింది. సార్ పక్కన కూర్చుని ఎట్లున్నదో చెప్పమన్నారు. మెత్తగా మొదలవుతుంది సార్, సగం దాకా వేలికి ఎదురొస్తుంది, తర్వాత తనే దారిస్తుంది, వదిలితే వేలిని పైకి నెడుతుంది అని చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. ఇంకోసారి చెప్పమన్నారు. చెప్పాను. "ఔ, గట్లనే ఉండేది," అన్నారు.

ఆ ఆట కొన్నాళ్ళు అమ్ముడుపోయింది, తర్వాత విదేశీవి చవగ్గా వచ్చి మాది ఆగిపోయింది. సార్ రోగం పూర్తిగా తగ్గింది, వేళ్ళు వంకర పోలేదు, స్పర్శ రాలేదు. ముసలితనందాకా బతికి, మామూలు జబ్బుతో పోయారు. ఆ తర్వాత నేను ఎన్నో కంపెనీల్లో ఎన్నో మీటలు, స్విచ్చులు చేశాను. బాగుందంటే ఎట్లా బాగుందో మాటల్లో చెప్పమని నా కింద పనిచేసే పిల్లలను వేధించేదాన్ని. వాళ్ళు నా వెనక నవ్వుకునేవారు. డాక్టరమ్మ చెప్పిన కొన్నేళ్ళు ఎప్పుడో గడిచిపోయాయి. అయినా రోజూ పొద్దున లేవగానే, మంచం దిగకముందు, కళ్ళు మూసుకుని బొటనవేలితో ఒక్కో వేలి కొసనూ ముట్టుకుంటాను. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు. చిటికెన వేలు కూడా ఉన్నానని చెప్పేదాకా నాకు ఊపిరాడదు.